ఎర్రగోడ

శుక్రవారం ఆఖరి గంట కొట్టారంటే ఎనిమిదో తరగతి గదిలో జిగురు వాసన గుప్పుమనేది. అది ఆడపిల్లల బడి. ఆ గంట ఆరోగ్య పాఠానిది. బెంచీలన్నీ ఒక పక్కకు జరిపి, పాత పత్రికల్లోంచి కత్తిరించి తెచ్చుకున్న తిండి బొమ్మలు చేతపట్టుకుని పిల్లలు వరసలో నిలబడేవాళ్ళు. గదిలో ఒక గోడకు పచ్చకాగితం, ఎదుటి గోడకు ఎర్రకాగితం అంటించి ఉండేవి. తినదగినది పచ్చగోడకు, తినకూడనిది ఎర్రగోడకు. ఎవరు తెచ్చిన బొమ్మ ఏ గోడకు పోవాలో కారణం చెప్పి వాళ్ళే అంటించాలి. కారణం బాగుంటే చప్పట్లు.

చూడ్డానికి ముచ్చటైన ఆట. ఇందులో కీడేముందని ఆ రోజుల్లో ఎవరిని అడిగినా నవ్వి ఊరుకునేవాళ్ళు. ఆట కనిపెట్టిన ఆరోగ్యం టీచరైతే అడిగినవాళ్ళ మీద కోప్పడేది కూడా.

ఆవిడ ఈ ఆట సరదాకు మొదలుపెట్టలేదు. అంతకుముందు ఈ పిల్లలు పొద్దున్నే ఖాళీ కడుపుతో బడికి వచ్చి, గేటు పక్క కొట్టులో నూనె కారే పొట్లాలూ రంగునీళ్ళ సీసాలూ కొనుక్కుని పూట గడుపుకునేవాళ్ళు. ఎండలో నిలబడితే కళ్ళు తిరిగి కూలబడేవాళ్ళు. చాలామందికి రక్తం తక్కువై పెదవులు పాలిపోయి ఉండేవి. ఎలాగైనా వీళ్ళకు తిండి సంగతి తలకెక్కించాలని టీచరు కంకణం కట్టుకుంది. మంచి మనసుతోనే కట్టుకుంది. చదివేవాళ్ళు ఈ ఒక్క మాట చివరిదాకా గుర్తుపెట్టుకోవాలని మనవి.

కానీ ఆట ఒకటి తలిస్తే పిల్లల తెలివి ఇంకోటి తలచింది. పచ్చగోడకు దోసకాయ బొమ్మ అంటిస్తే ఎవరూ చప్పట్లు కొట్టరు. అదే అరటిపండు తెచ్చి, "ఇందులో తీపి ఎక్కువ టీచర్, ఒంట్లో కొవ్వవుతుంది" అని ఎర్రగోడకు అంటిస్తే గది దద్దరిల్లిపోయేది. పిల్లలు పోటీలు పడ్డారు. పొట్లాలూ రంగునీళ్ళూ మొదటి నెలలోనే అయిపోయాయి. తరవాత రొట్టె వచ్చింది, వెన్న వచ్చింది, తెల్లన్నం వచ్చింది, గుడ్డులో పచ్చసొన వచ్చింది. ఎర్రకాగితం నిండి, కిటికీ పక్కకు పాకి, తలుపు మీదికి ఎక్కింది. పిల్లలు ఇంతగా ఆలోచిస్తున్నారే అని టీచరు మురిసిపోయింది తప్ప, ఎదుటి గోడ బోసిపోయి ఉన్న సంగతి పట్టించుకోలేదు.

అందరికంటే ఎక్కువ చప్పట్లు కొట్టించుకున్నది టీచరు సొంత కూతురే. ఒకసారి విన్నది అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పే పిల్ల కాబట్టి నాయనమ్మ ఆ పిల్లకు చిలక అని పేరు పెట్టింది. బడిలోనూ అదే పేరు నిలిచిపోయింది. తల్లీకూతుళ్ళ మధ్య ఒక ఒప్పందం ఉండేది. బడి గేటు దాటాక అమ్మ ఉండదు, టీచరే ఉంటుంది. నువ్వు అనే మాట మీరు అయిపోతుంది. సాయంత్రం అదే గేటు బయటికి రాగానే టీచరు మాయమై అమ్మ వచ్చేస్తుంది. సొంత పిల్లనని వెనకేసుకొస్తోందని ఎవరూ వేలెత్తి చూపకూడదని ఆవిడ పెట్టిన నియమం ఇది. చిలక దాన్ని తు.చ. తప్పకుండా పాటించేది.

ఇక తూకం సంగతి. నెలనెలా వరండాలో తూకం యంత్రం పెట్టి పిల్లల్ని ఒక్కొక్కరినే ఎక్కించేవారు. బరువు పైకి చదివేవారు. తగ్గినవాళ్ళ జడకు పచ్చ రిబ్బను, పెరిగినవాళ్ళ జడకు ఎర్ర రిబ్బను. ఈ రిబ్బన్లు బడి నడిపే పెద్దమేడం ఆలోచన. ఎదిగే పిల్లలు బరువు పెరగకపోతే ఎలాగని ఆరోగ్యం టీచరుకు మొదట్లో మనసులో పీకింది. కానీ పెద్దమేడం అంత ఉత్సాహంగా చెబుతుంటే కాదనలేక తలూపింది. ఆ తలూపడమే తరవాత మెడకు చుట్టుకుంది.

చిలకకు ప్రతినెలా పచ్చ రిబ్బనే. దాని పక్క బెంచీ నేస్తానికి ప్రతినెలా ఎర్రది. ఆ పిల్ల బుగ్గలు చూసి అందరూ బుగ్గమ్మ అనేవాళ్ళు. నవ్వించడంలో దిట్ట. "నా జడ చూస్తే బస్సులు కూడా ఆగిపోతాయే" అని ఎర్ర రిబ్బను ఊపుకుంటూ వరండా అంతా తిరిగేది. దానికి సిగ్గూ ఎగ్గూ లేవనుకున్నారు అందరూ.

ఇంట్లో మాత్రం పొద్దున పూట రోజూ యుద్ధమే. టీచరు భర్త రైల్లో గార్డు. వారంలో సగం రోజులు పట్టాల మీదే గడిచిపోతాయి. వంటిల్లు అత్తగారి చేతిలో ఉండేది.

"ఒక్క గుడ్డు తినవే చిలకమ్మా, నీళ్ళలో ఉడకబెట్టిందే" అని నాయనమ్మ బతిమాలేది.

"పచ్చసొన ఎర్రగోడమీద ఉంది నాయనమ్మా."

"అయితే తెల్లది తిను, పచ్చది నా మొహాన కొట్టు."

"రెండూ తగిలి ఉన్నాయి కదా."

"చూశావా అమ్మాయ్! ఈ ఇంట్లో పిల్లకు ముద్ద పెట్టాలంటే వకీలును పెట్టుకోవాలి" అని కోడలి వైపు తిరిగేది ముసలావిడ. "పిల్ల చేతులు చూశావా? వెదురు పుల్లల్లా ఉన్నాయి."

"ఎదిగే వయసు అత్తయ్యా, పొడుగవుతోంది" అనేసి టీచరు చెప్పుల్లో కాళ్ళు పెట్టేది. నిజం చెప్పాలంటే, బడి అంతటిలోనూ తన పాఠం అచ్చంగా పాటిస్తున్నది తన కూతురేనని ఆవిడకు లోలోపల గర్వంగానే ఉండేది.

గర్వం కళ్ళకు గంతలు కడుతుంది. ఫ్యాను కింద కూర్చుని చిలక స్వెట్టరు వేసుకుంటే జలుబనుకుంది. దువ్వెన నిండా జుట్టు వస్తే నీళ్ళు పడలేదనుకుంది. మెట్లెక్కి పిల్ల ఆయాసపడితే పుస్తకాల బరువనుకుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం చిలక స్నానానికి వెళ్తూ వాచీ తీసి బల్లమీద పెట్టింది. గంట ఎంతైందో చూద్దామని టీచరు దాన్ని చేతిలోకి తీసుకుంది. పట్టీకి కొన్నప్పుడు ఉన్న చిల్లులు కాక, లోపలివైపు కొత్త చిల్లులు వరసగా పొడిచి ఉన్నాయి. కంపాసు మొనతో పొడిచిన వంకర చిల్లులు. పట్టీ తన చేతికి చుట్టి చూసుకుంది. ఎంత లాగినా ఆఖరి చిల్లుకు ఇంకా రెండు వేళ్ళ దూరం ఉండిపోయింది.

ఆ సాయంత్రం తానే వంటింట్లోకి వెళ్ళి అన్నం, పప్పు, దోసకాయ ముక్కలు పళ్ళెంలో సర్ది, పక్కన పాలు పెట్టి కూతురి ఎదురుగా కూర్చుంది.

"తినవే తల్లీ."

"తెల్లన్నం ఎర్రగోడమీద ఉందమ్మా."

"ఉంటే ఉండనీ. నువ్వు తిను."

"పాలల్లో మీగడ ఉంది. అదీ ఉంది గోడమీద. పప్పులో నూనె పోశారు."

"నేనే చెబుతున్నాను కదే, తినమని!"

చిలక తల్లి మొహంలోకి చూసింది. పిల్ల కళ్ళల్లో పొగరు లేదు, మొండితనం లేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. "అమ్మ చెబుతోందా, టీచర్ చెబుతోందా?"

అమ్మ అని జవాబిస్తే, అమ్మ కంటే టీచరు మాటే గొప్పదని ఆ పిల్లకు నేర్పింది తానే. టీచరు అని జవాబిస్తే, మరి బడిలో అందరి ముందూ ఆ మాట ఎందుకు చెప్పరని అడుగుతుంది. ఏ దారిన వెళ్ళబోయినా తాను కట్టిన గోడే అడ్డమొస్తోంది. చిలక పళ్ళెంలోంచి ఒక దోసకాయ ముక్క తీసుకుని, దాన్ని మెల్లగా నమిలి, నీళ్ళు తాగి లేచిపోయింది. వాకిట్లో నాయనమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం టీచరుకు కనిపించింది.

సోమవారం పొద్దున ఆవిడ నేరుగా పెద్దమేడం గదికి వెళ్ళింది.

"మేడం, ఆ గోడ తీసేయాలి. తూకం, రిబ్బన్లు ఆపేయాలి. ఇవ్వాళే."

పెద్దమేడం కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "ఇప్పుడా టీచర్ గారూ? వచ్చే వారమే కదా మన బడిని చూడ్డానికి పెద్దలు వస్తున్నది. ఆరోగ్య బడి బహుమానానికి మన పేరు చివరిదాకా వెళ్ళింది. వాళ్ళు చూడ్డానికి వచ్చేదే ఆ గోడ."

"మా అమ్మాయి తిండి మానేసింది మేడం."

"చిలకా? తగ్గినందుకే కదా దాన్ని వేదిక మీద మాట్లాడించాలనుకున్నాం." అంటూనే పెద్దమేడం గొంతు తగ్గింది. ఆవిడేమీ రాక్షసి కాదు. "చూడండి, మీకు తెలియనిది ఒకటి చెబుతాను. ఈ బడిలో పిల్లలు తక్కువయ్యారని పై ఆఫీసువాళ్ళు దీన్ని మూసేసి దూరాన ఉన్న పెద్ద బడిలో కలిపేద్దామంటున్నారు. అంతదూరం ఆడపిల్లల్ని ఎంతమంది పంపుతారు? సగం మంది చదువు మానేస్తారు. ఈ బహుమానం వస్తే బడి నిలుస్తుంది. ఒక్క వారం ఓపిక పట్టండి. ఆ తరవాత గోడ మీరే చింపేయండి, నేను పట్టుకుంటాను."

టీచరు కిటికీలోంచి చూసింది. వరండాలో పిల్లలు పరుగులు పెడుతున్నారు. చిలక మాత్రం స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. అటు చూస్తే బడి, ఇటు చూస్తే కూతురు. ఒక్క వారమే కదా అని తనకు తాను సర్దిచెప్పుకుని ఆవిడ మళ్ళీ తలూపింది. తలూపి బయటికి వచ్చాక, తాను చేసిన పనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ వారం ఇంట్లో ఎలా గడిచిందో చెప్పనక్కర్లేదు. పెద్దమేడం అడగ్గా టీచరు అంతకుముందే రాసిచ్చిన ఉపన్యాసాన్ని చిలక అద్దం ముందు నిలబడి వల్లె వేస్తుండేది. "తెల్లన్నం మనకు శత్రువు. తీపి మనకు శత్రువు..." పక్క గదిలో తల్లి దుప్పటి మడతపెడుతూ, తన మాటలే తన కూతురి నోటినుంచి వింటూ, తలుపు తీసుకుని వెళ్ళి ఆపలేక, వినకుండా ఉండలేక నలిగిపోయేది. "ఆ మాటలు రాసిన చేతులు విరిగిపోనూ" అని నాయనమ్మ వంటింట్లోంచి శాపం పెట్టేది. ఆ చేతులు ఎవరివో ముసలావిడకు తెలుసు, కోడలికీ తెలుసు.

ఆ రోజు రానే వచ్చింది. హాలు నిండా జనం. వేదిక మీద పెద్దలకు కుర్చీలు, పక్కనే బల్లమీద వాళ్ళ కోసం పళ్ళు, రొట్టెలు, పాలు. వెనకాల అట్టమీద అంటించిన ఎర్రగోడ. ముందు తూకం యంత్రం. పిల్లల్ని అందరి ఎదుటా తూచి చూపించాలని పెద్దమేడం ఏర్పాటు. చిలక మైకు పక్కన నిలబడింది. పక్కనే నిలబడ్డ టీచరు దాని చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. పిల్ల ఇప్పుడు పడుతుందా, అప్పుడు పడుతుందా అని ఆవిడ దాన్నే చూస్తోంది.

పడింది చిలక కాదు.

తూకం కోసం నిలబెట్టిన వరసలోంచి దబ్బుమని చప్పుడైంది. బుగ్గమ్మ. నవ్వించే బుగ్గమ్మ, సిగ్గూ ఎగ్గూ లేదనుకున్న బుగ్గమ్మ నేలమీద పడి ఉంది. టీచరు ఒక్క గెంతులో వేదిక దిగి పిల్ల తలను ఒడిలోకి తీసుకుంది. మొహాన నీళ్ళు చల్లగానే బుగ్గమ్మ కళ్ళు తెరిచింది. తెరిచిన వెంటనే తడుముకున్నది తన జడలో రిబ్బనును.

"మొన్నట్నించీ ఏమీ తినలేదు టీచర్" అంది పొడిబారిన నాలుకతో. "నీళ్ళు కూడా తాగలేదు. ఇప్పుడు తూస్తే తగ్గుంటానా? పెద్దవాళ్ళ ముందు ఎర్రది కట్టకండి టీచర్, మా అమ్మ కూడా వచ్చింది."

టీచరు తలెత్తి వరస వైపు చూసింది. "ఈ పొద్దున ఎవరెవరు తిని వచ్చారు?"

ఒక్క చెయ్యీ లేవలేదు. పిల్లలంతా పాదాల వంక చూసుకుంటున్నారు. ఈ ఆట మొదలుపెట్టకముందు ఖాళీ కడుపుతో వస్తున్నారని తాను ఎవరి కోసం బాధపడిందో, ఆ పిల్లలే ఇప్పుడూ ఖాళీ కడుపుతోనే నిలబడి ఉన్నారు. అప్పుడు లేక తినలేదు, ఇప్పుడు భయపడి తినలేదు. మధ్యలో తాను చెప్పిన పాఠాలన్నీ ఏమైనట్టు? ఇన్నాళ్ళూ తన ఒక్క పిల్లే చిక్కుకుందనుకుంది. తరగతిలోని పిల్లలందరినీ ఆ గోడకు అటువైపు పెట్టి తాళం వేసింది తానేనని ఆవిడకు అప్పుడు అర్థమైంది.

ఆవిడ లేచి వేదిక ఎక్కింది. పెద్దల ముందున్న పళ్ళెం ఎత్తుకుంది. "టీచర్ గారూ!" అని పెద్దమేడం అడ్డం వచ్చింది. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దమేడం చూపు కింద పడి ఉన్న పిల్ల మీదికి వెళ్ళింది, అక్కడే ఆగిపోయింది. తరవాత ఆవిడ మెల్లగా పక్కకు తప్పుకుని, పాల కూజా తానే చేతిలోకి తీసుకుంది.

టీచరు ఒక అరటిపండు ఒలిచి, అందరూ చూస్తుండగా సగం తాను తింది. ఆ పొద్దున ఆవిడా ఏమీ తినలేదు. మిగతా సగం కూతురికి అందించింది.

చిలక ఎర్రగోడ వైపు చూసింది, పండు వైపు చూసింది. "ఇప్పుడు చెబుతున్నది ఎవరు?" అంది, మైకుకు కూడా అందనంత చిన్నగా.

"మీ అమ్మే. టీచరు తప్పు చెప్పింది తల్లీ. ఆ మాటా టీచరే చెబుతోంది, అందరి ముందూ చెబుతోంది."

"భయమేస్తోందమ్మా."

బడి గేటు లోపల ఆ పిల్ల అమ్మా అని పిలవడం అదే మొదటిసారి. "నాకూ భయంగానే ఉంది. నా చెయ్యి పట్టుకుని తిను" అంది తల్లి. చిలక చాలాసేపు పండును అలాగే పట్టుకుంది. కింద బుగ్గమ్మ పాలు తాగడం చూసింది. ఆఖరికి చిన్న ముక్క కొరికింది.

ఒక్క ముక్కతో అంతా చక్కబడిందని రాస్తే అది అబద్ధమవుతుంది. చిలకను చూసిన లేడీ డాక్టరు, ఇది నెలల తరబడి పట్టే పని, తిట్టకండి, తూచకండి, పక్కన కూర్చుని తినండి అని చెప్పింది. బహుమానం ఆ బడికి రాలేదు. బడి మూతపడకుండా చూడమని పెద్దమేడం ఆఫీసుల చుట్టూ ఇంకా తిరుగుతూనే ఉంది. గోడల మీది కాగితాలు పిల్లలే లాగేశారు. ఎర్రకాగితంతోపాటు సున్నం పెచ్చులు కూడా ఊడొచ్చి, ఆ మచ్చలు అలాగే ఉండిపోయాయి. టీచరు వాటికి వెల్ల వేయించలేదు.

శుక్రవారం ఆఖరి గంట మాత్రం ఆగలేదు. ఇప్పుడు పిల్లలు ఇంట్లో తినేదేదో అదే డబ్బాలో పెట్టుకుని తెస్తారు. గుండ్రంగా కూర్చుంటారు, టీచరూ వాళ్ళతోపాటు కూర్చుంటుంది. ఆకుకూర రక్తానికి ఏం చేస్తుందో, గుడ్డు ఎముకకు ఏం చేస్తుందో తింటూనే చెప్పుకుంటారు. కొట్టులో పొట్లం సంగతీ వస్తుంది. ఎప్పుడైనా ఒకటి తింటే పాపం తగలదు, దాంతోనే కడుపు నింపుకుంటే ఒంటికి చాలదు అని టీచరు నవ్వుతూ చెబుతుంది. తూకం యంత్రం తలుపు చాటుకు పోయింది. ఎవరి బరువు వాళ్ళకూ టీచరుకూ తప్ప ఎవరికీ తెలియదు.

చిలక కొన్నాళ్ళు తినేది, కొన్నాళ్ళు డబ్బా మూత తీసి చూస్తూ కూర్చునేది. వాచీ పట్టీ ఒక చిల్లు బయటికి జరిగి, మళ్ళీ లోపలికి వచ్చి, మళ్ళీ బయటికి జరిగింది. తల్లి చూసి కూడా చూడనట్టు ఊరుకోవడం నేర్చుకుంది. వాన కురుస్తున్న ఒక శుక్రవారం మధ్యాహ్నం, లెక్కల టీచరు రాక ఆవిడే ఏదో లెక్క చెబుతుంటే, వెనక బెంచీలోంచి ఆ పిల్ల లేచి నిలబడింది.

"టీచర్, నాకు ఆకలేస్తోంది."

గదిలో ఎవరూ నవ్వలేదు. పక్కన బుగ్గమ్మ అప్పటికే తన డబ్బా మూత తీసేసింది. టీచరు బల్లమీది పుస్తకం మూసింది.

"లెక్క రేపు చేసుకుందాం. అందరూ డబ్బాలు తీయండి" అంది. "ఇన్నాళ్ళూ నేను ఆఖర్న కూడా చెప్పని సంగతి ఇది, మొట్టమొదట చెప్పాల్సింది. ఆకలేస్తే ఆకలేస్తోందని సిగ్గుపడకుండా చెప్పండి, భయపడకుండా కడుపునిండా తినండి. ఆడపిల్లకు నేర్పాల్సిన మొదటి ఆరోగ్య పాఠం అదే."